ఓటుకు 18.. మద్యానికి 21.. మధ్యలో అడిగేదెవరు?

* మూడేళ్ల అంతరంపై దేశమంతటా చర్చ
* గౌతమి వంతెన దాటితే యానాంలో 18కే అనుమతి
* అంకె కంటే అమలే అసలు ప్రశ్న

ఆత్రేయపురం: పద్దెనిమిదేళ్లు నిండిన యువకుడికి చట్టం ఎన్నో హక్కులు ఇస్తుంది. అతడు ఓటు వేయవచ్చు. తన పేరున పొలం కొనవచ్చు, అమ్మవచ్చు. బ్యాంకులో అప్పు పత్రంపై సంతకం చేయవచ్చు. గేర్లున్న మోటారు సైకిల్ నడపడానికి లైసెన్సు పొందవచ్చు. మద్యం దుకాణంలో సీసా కొనాలంటే మాత్రం మరో మూడేళ్లు ఆగాలి. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం విక్రయానికి నిర్ణయించిన కనీస వయసు 21 ఏళ్లు.

ఈ మూడేళ్ల అంతరం సబబేనా అన్న చర్చ దేశంలో ఎప్పటికప్పుడు తలెత్తుతూనే ఉంది. ఒక రాష్ట్రం వయసు తగ్గిస్తే మరొకటి పెంచుతోంది. కోనసీమవాసులకు ఈ చర్చ మరీ దగ్గరిది. అమలాపురం, ముమ్మిడివరం మీదుగా వెళ్లి ఎదుర్లంక వద్ద గౌతమిపై వంతెన దాటితే వచ్చేది యానాం. అది కేంద్రపాలిత పుదుచ్చేరిలో భాగం. అక్కడ మద్యం కొనడానికి 18 ఏళ్లు నిండితే చాలు. నది ఒకటే, భాష ఒకటే, అబ్బాయి వయసూ ఒకటే. ఈ ఒడ్డున అతడికి అమ్మితే నిబంధనల ఉల్లంఘన. ఆ ఒడ్డున అతడు మామూలు కొనుగోలుదారు.

వయసు ఎంత ఉండాలన్న వాదన ఎలా ఉన్నా, పల్లెల్లోని తల్లిదండ్రులను వేధించే ప్రశ్న వేరు. ఉన్న 21 ఏళ్ల నిబంధనను దుకాణం వద్ద ఎవరైనా పట్టించుకుంటున్నారా? చట్టం ఏం చెబుతోంది, ఇతర రాష్ట్రాలు ఏం చేశాయి, ఊరి స్థాయిలో ఏం చేయవచ్చు అన్న విషయాలపై కథనమిది.

ఎవరి పరిధి?

మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో మత్తు పానీయాల తయారీ, స్వాధీనం, రవాణా, క్రయవిక్రయాలు ఎనిమిదో అంశంగా ఉన్నాయి. అందుకే దేశమంతటికీ వర్తించే ఒకే కనీస వయసు లేదు. ఆరోగ్యానికి హాని చేసే మత్తు పానీయాల వాడకాన్ని నిషేధించే దిశగా ప్రభుత్వాలు కృషి చేయాలని ఆదేశిక సూత్రాల్లోని 47వ అధికరణం చెబుతోంది. మద్యం వ్యాపారం చేయడం పౌరుడి ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆంక్షలు విధించే అధికారం రాష్ట్రాలకు అలా బలపడింది.

ఆంధ్రప్రదేశ్‌లో 1968 నాటి ఆబ్కారీ చట్టం, దాని కింద రూపొందిన లైసెన్సు నిబంధనలు అమలవుతున్నాయి. 21 ఏళ్లలోపు వారికి మద్యం అమ్మరాదన్నది లైసెన్సుదారు పాటించాల్సిన షరతు. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. కొనుగోలుదారు వయసు తెలుసుకునే బాధ్యత అమ్మేవాడిదే. ‘చూస్తే పెద్దవాడిలాగే కనిపించాడు’ అనడం షరతును పాటించినట్లు కాదు.

మూడు మెట్లు

చట్టం దృష్టిలో యువత మూడు మెట్లపై నిలబడి ఉంది.

మొదటి మెట్టు 18 ఏళ్లలోపు వారిది. ఇక్కడ చట్టం చాలా కఠినం. 2015 నాటి బాలల న్యాయ (సంరక్షణ, రక్షణ) చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం, వైద్యుడి సలహా లేకుండా బాలలకు మద్యం ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 78వ సెక్షన్ మరో అడుగు ముందుకు వేసింది. బాలలతో మద్యం అమ్మించినా, మోయించినా, సరఫరా చేయించినా అవే శిక్షలు. ‘ఒరేయ్, వెళ్లి సీసా పట్రా’ అని పదేళ్ల పిల్లాడి చేతిలో డబ్బులు పెట్టి పంపే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అది చట్టం దృష్టిలో ఎంత పెద్ద తప్పో చాలామందికి తెలియదు.

రెండో మెట్టు 18 నుంచి 21 మధ్య వారిది. అసలు చిక్కంతా ఇక్కడే. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం వీరు పెద్దలు. కాబట్టి బాలల న్యాయ చట్టం వర్తించదు. వీరికి సీసా అమ్మితే దుకాణదారుపై ఆబ్కారీ శాఖ చర్య తీసుకోవచ్చు. కానీ పాతికేళ్ల స్నేహితుడు కొని తెచ్చి పందొమ్మిదేళ్ల వాడికి పోస్తే పై సెక్షన్లేవీ అక్కరకు రావు. అంటే ఈ మూడేళ్లపాటు యువకుడికి, మద్యానికి మధ్య ఉన్న చట్టపరమైన అడ్డంకి దాదాపుగా దుకాణం కౌంటరు ఒక్కటే. అక్కడ వయసు అడగకపోతే ఇక అడిగేవారు లేరు.

మూడో మెట్టు 21 దాటిన వారిది. వీరికి కొనడానికి అనుమతి ఉంది. అయితే తాగి వాహనం నడిపితే వయసుతో పని లేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. 2019 సవరణ తర్వాత తొలిసారి పట్టుబడితే రూ.10 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మళ్లీ పట్టుబడితే రూ.15 వేలు, రెండేళ్ల వరకు జైలు.

వంతెన దాటితే మారే వయసు

ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం 1954లో విముక్తి పొందింది. 1962లో చట్టబద్ధంగా భారతదేశంలో విలీనమైంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగంగానే కొనసాగుతోంది. సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతంలో పన్నులూ, ఆబ్కారీ నిబంధనలూ పుదుచ్చేరివే. లోక్‌సభ మాజీ స్పీకర్ జీఎంసీ బాలయోగి పేరుతో ఉన్న వంతెన 2002లో అందుబాటులోకి వచ్చాక ఎదుర్లంక వైపు నుంచి రాకపోకలు సులువయ్యాయి.

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ మధ్య డెల్టా తల భాగంలో ఉన్న ఆత్రేయపురం నుంచి కూడా యానాం ఒక పూటలో వెళ్లి రాగల దూరమే. డిగ్రీ చదివే పందొమ్మిదేళ్ల కుర్రాళ్లకు మోటారు సైకిల్ చేతిలో ఉంటే చాలు. అక్కడ చట్టబద్ధంగా కొనవచ్చు, తాగవచ్చు. అయితే తిరుగు ప్రయాణంలోనే రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. ఒకటి, తాగి బండి నడపడం. జాతీయ రహదారి 216పైనా, కాలువ గట్ల దారుల్లోనూ చీకటి పడ్డాక ఒక్క క్షణం ఏమరుపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. రెండోది, సీసాలు వెంట తేవడం. ఆంధ్రప్రదేశ్‌లో సుంకం చెల్లించని మద్యాన్ని అనుమతి లేకుండా తీసుకురావడం నేరం. సరదా కోసం తెచ్చిన సీసాలతో కేసు నమోదైతే ఉద్యోగాల దరఖాస్తు వేళ, పాస్‌పోర్టు విచారణ వేళ ఆ నీడ వెంటాడుతుంది.

రాష్ట్రానికో లెక్క

దేశంలో కనీస వయసు 18 నుంచి 25 వరకు రకరకాలుగా ఉంది. గోవా, పుదుచ్చేరిల్లో 18. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, ఒడిశాల్లో 21. కేరళలో 2017లో 21 నుంచి 23కు పెంచారు. మహారాష్ట్రలో బీరుకు 21, ఇతర మద్యానికి 25. పంజాబ్‌లో 25. హరియాణాలో 25గా ఉన్న వయసును 2021 డిసెంబరులో శాసనసభ 21కి తగ్గించింది. బిహార్, గుజరాత్, నాగాలాండ్‌లలో నిషేధం ఉన్నందున అక్కడ ఈ ప్రశ్నే లేదు.

ఢిల్లీలో 2021లో కొత్త ఆబ్కారీ విధానంలో భాగంగా వయసును 25 నుంచి 21కి తగ్గించాలని ప్రభుత్వం నిర్ణయించింది. వివాదాల నడుమ ఆ విధానం 2022లో రద్దయింది. చట్టంలో 25 అలాగే మిగిలింది. కర్ణాటకలో మరో విచిత్రం. అక్కడ చట్టంలో 18 అని, నిబంధనల్లో 21 అని ఉండటంతో గందరగోళం నెలకొంది. దాన్ని సరిచేసే పేరుతో 2023 జనవరిలో నిబంధనల్లోనూ 18కి తగ్గిస్తూ ముసాయిదా జారీ చేశారు. వివిధ వర్గాల నుంచి అభ్యంతరాలు రావడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు.

‘18 చాలు’ అనేవారి వాదన

వయసు తగ్గించాలనేవారి వాదనలో బలం లేకపోలేదు. రాజ్యాంగ 61వ సవరణతో 1989లో ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి తగ్గింది. పాలకులను ఎన్నుకునే విచక్షణ ఉన్నవాడికి ఏం తాగాలో నిర్ణయించుకునే విచక్షణ లేదనడం ఎలా కుదురుతుందని వీరు అడుగుతారు. సైన్యంలో చేరి సరిహద్దులో తుపాకీ పట్టే వయసులో ఉన్నవాడిని సీసా విషయంలో పిల్లవాడిగా చూడటం అవమానమంటారు.

మరో వాదన ఆచరణకు సంబంధించినది. దుకాణంలో దొరకనప్పుడు యువత మానుకుంటుందన్న నమ్మకం లేదు. బెల్టు దుకాణానికో, నాటుసారాకో, గంజాయికో మళ్లే ప్రమాదముంది. చాటుమాటుగా, గబగబా, మోతాదు తెలియకుండా తాగడం మరింత హానికరం. ఎలాగూ తాగేవారిని నిఘా ఉన్న చోటికి రానిస్తే మేలన్నది వీరి మాట.

‘21 ఉండాలి’ అనేవారి వాదన

వయసు తగ్గించరాదనేవారు మొదట వైద్యశాస్త్రాన్ని చూపుతారు. ముందుచూపు, ఆత్మనిగ్రహం, నిర్ణయశక్తికి ఆధారమైన మెదడు ముందు భాగం ఇరవైల నడిమి వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఆ దశలో మద్యం అలవాటైతే జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతినే అవకాశం ఎక్కువ. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే పెద్దయ్యాక బానిసయ్యే ముప్పు అంతగా పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అసలు మద్యానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

రెండో వాదన తరగతి గదికి సంబంధించినది. పద్దెనిమిదేళ్ల వాడు తిరిగేది పదహారు, పదిహేడేళ్ల వారితోనే. ఇంటర్మీడియెట్ పూర్తిచేస్తున్న వాడికి సీసా కొనే అధికారమిస్తే అది జూనియర్ కళాశాల దాకా, ఉన్నత పాఠశాల దాకా పాకుతుంది. కనీస వయసు 21గా ఉంటే బడి పిల్లలకు, కొనగలిగే వారికి మధ్య కాస్త ఎడం ఉంటుంది.

ఓటుతో పోలిక కూడా నిలవదని వీరి అభిప్రాయం. చట్టం అన్నింటికీ ఒకే వయసును పాటించడం లేదు. పురుషుడి వివాహానికి 21 నిండాలి. సర్పంచి పదవికి పోటీ చేయాలన్నా 21, శాసనసభకు పోటీ చేయాలంటే 25 ఉండాలి. ఏ పనికి ఎంత పరిణతి కావాలో చూసి వయసు నిర్ణయించడం కొత్తేమీ కాదంటారు.

అమెరికా నేర్చుకున్న పాఠం

ఇంచుమించు ఇదే చర్చ అమెరికాలో అర్ధశతాబ్దం కిందటే జరిగింది. 1971లో ఓటు వయసు 18కి తగ్గడంతో పలు రాష్ట్రాలు మద్యం వయసునూ తగ్గించాయి. ఆ తర్వాత యువకుల రోడ్డు ప్రమాదాలు పెరిగాయి. ఒక రాష్ట్రంలో 21, పక్క రాష్ట్రంలో 18 ఉన్నచోట కుర్రాళ్లు కార్లలో సరిహద్దు దాటి వెళ్లి తాగి, తిరిగి వస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సరిహద్దులను ‘నెత్తుటి సరిహద్దులు’ అని పిలిచేవారు. యానాం వంతెనను ఎరిగినవారికి ఆ మాటలోని అర్థం వేరుగా చెప్పనక్కర్లేదు.

తాగి వాహనం నడిపేవారి వల్ల బిడ్డలను కోల్పోయిన తల్లులు 1980లో సంఘంగా ఏర్పడి ఉద్యమించారు. 1984లో కేంద్ర చట్టం వచ్చింది. కనీస వయసును 21 చేయని రాష్ట్రాలకు రహదారి నిధుల్లో కోత పెడతామన్నది దాని సారాంశం. అక్కడి సుప్రీంకోర్టు 1987లో ఆ చట్టాన్ని సమర్థించింది. 1988 నాటికి అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. 21 ఏళ్లలోపు వారు ఏమాత్రం తాగి నడిపినా నేరమయ్యేలా ఆ తర్వాత నిబంధనలు బిగించారు. మన చట్టంలో యువ చోదకులకు అలాంటి ప్రత్యేక పరిమితి లేదు. ఉన్నత చదువులకు అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులకు అక్కడి దుకాణంలో మొదట ఎదురయ్యే ప్రశ్న గుర్తింపు కార్డు చూపమనే.

అయితే అక్కడా చర్చ ముగియలేదు. 21 నిబంధన వల్ల విద్యార్థులు వసతిగృహాల్లో దొంగచాటుగా మితిమీరి తాగుతున్నారని, దీనిపై మళ్లీ ఆలోచించాలని 2008లో వందమందికి పైగా కళాశాలల అధ్యక్షులు పిలుపునిచ్చారు. చట్టం మాత్రం మారలేదు.

నిషేధం నుంచి నేటి వరకు

మద్యంపై పోరు తెలుగునేలకు కొత్త కాదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి గోదావరి జిల్లాలు సహా రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోయింది మద్యనిషేధం అంశంపైనే. అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడా ఆ ప్రభుత్వాన్ని కూల్చింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. రోసమ్మ ముందు నడిచిన ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాపై నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. 1997లో దాన్ని సడలించారు. ఆ ఉద్యమంలో ఎవరూ వయసు లెక్క అడగలేదు. ఇంటి పెద్ద తాగినా, ఎదిగిన కొడుకు తాగినా పొయ్యి ఆరిపోయేది ఒకటేనని ఆ మహిళలకు అనుభవంలో తెలుసు.

తర్వాత విధానాలు పలుమార్లు మారాయి. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు అందాయి. తిరిగి ఇవ్వని రుసుముల రూపంలోనే ఖజానాకు సుమారు రూ.1,797 కోట్లు సమకూరాయి. రూ.99కే 180 మిల్లీలీటర్ల సీసా అందుబాటులోకి తెచ్చారు. కల్తీ మద్యం, నాటుసారాల బెడద తగ్గించడానికే తక్కువ ధర అన్నది ప్రభుత్వ వాదన. ధర తగ్గితే జేబులో డబ్బు తక్కువగా ఉండే యువతకే అది ముందుగా చేరువవుతుందన్నది ప్రజారోగ్య నిపుణుల హెచ్చరిక. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో పదిహేనేళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగేవారు నూటికి 23 మంది. జాతీయ సగటు 19.

కౌంటరు వద్దే అసలు చిక్కు

లొల్ల లాకుల సంగతి ఈ మండలంలో తెలియనివారుండరు. డెల్టా కాలువలకు నీటిని పంచేది అక్కడే. లాకు తలుపు ఎంత ఎత్తుగా కట్టారన్నది ఒక లెక్క, అది సరిగా మూతపడుతోందా అన్నది మరో లెక్క. కింద సందులుంటే తలుపు ఎంత ఎత్తున్నా నీరు ఆగదు. మద్యం వయసు నిబంధనకూ ఇదే వర్తిస్తుంది. 18 అయినా, 21 అయినా, 25 అయినా కౌంటరు వద్ద గుర్తింపు కార్డు అడగనప్పుడు అన్నీ ఒకటే.

వయసు అడగడం కష్టమైన పని కాదు. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పదో తరగతి మార్కుల జాబితా.. అన్నింటిలోనూ పుట్టిన తేదీ ఉంటుంది. బ్రిటన్‌లో ‘ఛాలెంజ్ 25’ అనే పద్ధతిని దుకాణాలు పాటిస్తున్నాయి. అక్కడ కనీస వయసు 18. కానీ పాతికేళ్ల లోపు వాడిలా కనిపించే ప్రతి ఒక్కరినీ కార్డు అడుగుతారు. దీంతో ముఖం చూసి వయసు అంచనా వేసే తంటా తప్పుతుంది. మన దేశంలోనూ విక్రయ కేంద్రాల వద్ద వయసు తనిఖీని తప్పనిసరి చేయాలంటూ దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2024 నవంబరులో కేంద్రం స్పందన కోరింది.

ఇంతకంటే పెద్ద సందు బెల్టు దుకాణం. లైసెన్సు ఉన్న దుకాణం నుంచి సీసాలు తెచ్చి కిల్లీకొట్టులోనో, ఇంటి పెరట్లోనో అమ్మే ఈ కేంద్రాలకు లైసెన్సే లేదు, ఇక వయసు షరతు ఎక్కడిది? బెల్టు దుకాణాల రద్దుకు 2014లోనూ, 2019 తర్వాతా ప్రభుత్వాలు చర్యలు ప్రకటించాయి. 2024లో కొత్త విధానం వచ్చినప్పుడు బెల్టు దుకాణాలను ప్రోత్సహించే లైసెన్సుదారులకు రూ.5 లక్షల జరిమానా, మళ్లీ పట్టుబడితే లైసెన్సు రద్దు అని హెచ్చరించారు. ఒకే హెచ్చరికను ప్రభుత్వం మారినప్పుడల్లా మళ్లీ చేయాల్సి వస్తోందంటే జబ్బు ఎంత మొండిదో అర్థమవుతుంది.

ఊరు చేయగలిగిందేమిటి?

పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కాక ఆత్రేయపురం పేరు మరింత దూరం పాకింది. ఆ పేరు వెనుక ఉన్నది మహిళల కష్టం. బోర్లించిన కుండ కింద మంట పెట్టుకుని, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డతో రేకు తీస్తూ గంటల తరబడి కూర్చుంటారు. ఒక్కో రేకూ పోగైతేనే కూలి. ఆ కూలితో చదువుకునే కొడుకు పందొమ్మిదో ఏట సీసాకు అలవాటు పడితే నష్టం ఆబ్కారీ లెక్కల్లో కనిపించదు. కాబట్టి అడగాల్సిన బాధ్యతా, అడిగే హక్కూ ఊరికి ఉన్నాయి.

దుకాణంలో గుర్తింపు కార్డు అడగకుండా అమ్ముతున్నట్లు గమనిస్తే ఆబ్కారీ స్టేషన్‌లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. తేదీ, సమయం రాస్తే విచారణకు బలం చేకూరుతుంది. బడికి, గుడికి దగ్గర్లో దుకాణం ఉంటే దూరం నిబంధనపై ప్రశ్నించవచ్చు. బెల్టు దుకాణాల సంగతిని గ్రామసభలో తీర్మానంగా పెట్టి అధికారులకు పంపవచ్చు. స్వయంసహాయక సంఘాల సమావేశాల్లో ఈ విషయం చర్చకు పెడితే ఒంటరిగా అడగలేని తల్లులు కూడా గొంతు కలుపుతారు. దూబగుంట మహిళలు చేసింది ఇదే.

ఇంట్లోనూ కొంత చేయాల్సి ఉంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అన్నారు పెద్దలు. పండగ రోజు ‘ఇవాళ ఒక్కరోజే కదా’ అని తండ్రే కొడుకు గ్లాసులో పోస్తే, రేపు దుకాణదారును ప్రశ్నించే నైతిక బలం ఆ తండ్రికి ఉండదు. లైసెన్సు లేని కొడుక్కి బండి తాళం ఇవ్వడమూ అలాంటిదే. మైనరు వాహనం నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులు లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా పడవచ్చని మోటారు వాహనాల చట్టంలోని 199ఎ సెక్షన్ చెబుతోంది.

వయసును 18కి తగ్గించాలనేవారు బడి పిల్లల రక్షణ మాటేమిటో చెప్పాలి. 21 ఉండాలనేవారు దాన్ని కౌంటరు వద్ద ఎలా అమలు చేస్తారో చెప్పాలి. అంకె ఏదైనా, దాన్ని అడిగే మనిషి ఉన్నప్పుడే అది చట్టమవుతుంది. ముందుగా ఉన్న నిబంధనను నిక్కచ్చిగా అమలు చేసి చూస్తే, 18 సరైనదా 21 సరైనదా అన్న చర్చకు కూడా గట్టి ఆధారం దొరుకుతుంది. ఆ పని మొదలయ్యేదాకా కోనసీమ తల్లిదండ్రుల పహరా ఇంటి గుమ్మం దగ్గరే ఉండక తప్పదు.

గుర్తుంచుకోండి

* ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మద్యం కొనుగోలుకు కనీస వయసు 21. యానాంలో 18.
* 18 ఏళ్లలోపు వారికి మద్యం ఇచ్చినా, వారితో తెప్పించినా ఏడేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా.
* తాగి వాహనం నడిపితే తొలిసారి రూ.10 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.
* మద్యం, మత్తు అలవాటు మానడానికి సలహా కావాలంటే జాతీయ ఉచిత నంబరు 14446.
* మానసిక ఒత్తిడిలో ఉన్నవారు టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. బాలలకు సంబంధించిన సమాచారమైతే 1098.